హేలో పటంలో 50 కిలోపార్సెక్కుల దగ్గరి గుంపు గురించి

నమస్కారమండీ. గుంటూరులో మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం స్లోన్ అనే ఆకాశ సర్వేలోని నీలి నక్షత్రాలతో పాలపుంత హేలో (గెలాక్సీ చుట్టూ పలచగా పరుచుకున్న నక్షత్రాల ఆవరణ) పటం గీస్తుంటే, 50 కిలోపార్సెక్కుల (ఒక్కొక్కటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దగ్గర నక్షత్రాలు అనుమానం కలిగేంత ఎక్కువగా వస్తున్నాయని, 'జీ–ఆర్' రంగు (ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లలో కొలిచిన ప్రకాశాల తేడా) సున్నా కంటే తక్కువ అన్న ఒక్క షరతే పెట్టానని రాశారు. చిక్కు ఆ షరతులోనే ఉంది.

గర్భంలో హీలియంను మండించే బ్లూ హారిజాంటల్ బ్రాంచ్ నక్షత్రాలతో పాటు, దాదాపు అదే రంగులో ఉండి సుమారు 2 మ్యాగ్నిట్యూడ్లు (ప్రకాశపు కొలత; అంకె పెరిగేకొద్దీ మసక) మసకగా ఉండే బ్లూ స్ట్రాగ్లర్లు అనే వేరే రకం నక్షత్రాలు కూడా ఈ జల్లెడలోంచి వచ్చేస్తాయి. మీ పట్టికలో 'జీ' విలువ 19 ఉన్న నక్షత్రాన్నే తీసుకోండి: నిరపేక్ష ప్రకాశం (నక్షత్రపు అసలు ప్రకాశం) బ్లూ హారిజాంటల్ బ్రాంచ్‌కి తగ్గట్టు 0.5 అనుకుంటే దూరం 50 కిలోపార్సెక్కులు, అదే స్ట్రాగ్లర్‌కి తగ్గట్టు 2.5 అయితే 20 మాత్రమే.

ముందుగా ధూళి సవరణ (మధ్యలోని ధూళి వల్ల తగ్గిన కాంతిని సరిచేయడం) చేసి, 'యూ–జీ' (అతినీలలోహిత, ఆకుపచ్చ ఫిల్టర్ల తేడా) 0.9 నుంచి 1.4 వరకు, 'జీ–ఆర్' −0.25 నుంచి 0 వరకు ఉన్నవాటినే ఉంచండి. నీలి నక్షత్రాల్లా కనిపించే క్వేజార్లు (సుదూర గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాలు) దీంతోనే చాలావరకు పోతాయి. స్ట్రాగ్లర్ల ఉపరితల గురుత్వం ఎక్కువ కాబట్టి వర్ణపటం దొరికినచోట వాటి హైడ్రోజన్ గీతలు వెడల్పుగా కనిపిస్తాయి, ఇది అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. వర్ణపటం లేనివాటికి గట్టి గీత గీయకుండా, 2011లో ఖగోళ శాస్త్రవేత్త డీసన్ బృందం చేసినట్టు ప్రతి నక్షత్రానికీ అది బ్లూ హారిజాంటల్ బ్రాంచ్ అయ్యేందుకు ఒకటి, స్ట్రాగ్లర్ అయ్యేందుకు ఒకటి, రెండు సంభావ్యతలు ఇవ్వడం మేలు. ధనుస్సు ప్రవాహం (పాలపుంత చీల్చేస్తున్న ఒక చిన్న గెలాక్సీ నుంచి సాగిన నక్షత్రాల ధార) పడే ప్రాంతాన్ని మాత్రం తప్పక మినహాయించండి.

నేను విజయవాడలోనే ఉంటాను. 'యూ–జీ', 'జీ–ఆర్' గ్రాఫు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.