బ్యాంకు గ్రాడ్యుయేట్ స్కీములో చేరాలనుకుంటున్న మా చెల్లెలి కొడుక్కి

కన్నా,

మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని అమ్మ ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషించానో. చదువయ్యాక ఏదైనా బ్యాంకు గ్రాడ్యుయేట్ స్కీములో, అంటే కొత్తగా డిగ్రీ అయినవాళ్లని తీసుకుని శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో, టెక్నాలజీ వైపు చేరాలనుందని రాశావు. మంచి ఆలోచన. కానీ ఆ ‘చదువయ్యాక’ దగ్గరే నిన్ను ఆపాలి.

ఇక్కడ బ్రిటన్‌లో పెద్ద బ్యాంకులు ఏడాది ముందే మనుషుల్ని ఎంచుకుంటాయి. వచ్చే సెప్టెంబరులో చేరాల్సినవాళ్లకి ఈ సెప్టెంబరు చుట్టుపక్కలే అప్లికేషన్లు మొదలవుతాయి. చాలాచోట్ల వచ్చినవి వచ్చినట్టే చూసుకుంటూ పోయి, ఖాళీలు నిండగానే గడువుకి ముందే మూసేస్తారు. నీది ఏడాది కోర్సు. అంటే విమానం దిగి, రూమ్ వెతుక్కుని, మొదటి అసైన్‌మెంట్ కూడా ఇవ్వకముందే ఈ ఫారాలు నింపాలి. మన పిల్లలు చాలామంది డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) ఇచ్చేశాక ఉద్యోగాల వేట మొదలుపెడతారు. అప్పటికి వాళ్లు చేరగలిగిన బ్యాచ్ ఎంపిక ఎప్పుడో అయిపోయి ఉంటుంది. తెలివి తక్కువై కాదు, ముందుగా చెప్పేవాళ్లు లేక. అందుకే నువ్వు ఇంట్లో ఉండగానే, అమ్మ చేతి భోజనం తింటూనే, సీవీ తయారు చేసుకో.

వీసా సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి, పీహెచ్‌డీ వాళ్లు తప్ప, చదువయ్యాక ఇక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. ఈ స్కీములేమో ఎక్కువగా రెండేళ్లు. ఆ వీసా మీద చేరితే స్కీము మధ్యలోనే గడువు అయిపోతుంది. బ్యాంకుకి స్పాన్సర్ లైసెన్సు, అంటే విదేశీయుల్ని వర్క్ వీసా మీద తీసుకునే అనుమతి, ఉంది కదా అని ధీమా పడకు. లైసెన్సు ఉన్నా అన్ని ఉద్యోగాలకీ స్పాన్సర్ చేయాలని లేదు. ‘ఈ స్కీముకి, ఈ ఊళ్లో, స్కిల్డ్ వర్కర్ వీసాకి స్పాన్సర్ చేస్తారా?’ అని రిక్రూట్‌మెంట్ వాళ్లని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకో. అడగడంలో మొహమాటం ఏమీ వద్దు.

ఎంపికలో ఆన్‌లైన్ పరీక్షలుంటాయి, కెమెరా ముందు నువ్వొక్కడివే మాట్లాడే వీడియో ఇంటర్వ్యూ ఉంటుంది, చివర్లో అసెస్‌మెంట్ సెంటర్, అంటే అభ్యర్థులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు, గ్రూపు పనులు పెట్టే దశ. పరీక్షలకి సాధన చేస్తే సరిపోతుంది. మన పిల్లలు తడబడేది మాటల దగ్గర. ‘ఒక కష్టమైన సందర్భం చెప్పండి’ అంటే ‘మేము ప్రాజెక్టు చేశాం, మేము డేటాబేస్ మార్చాం’ అంటారు. బీటెక్‌లో నలుగురం కలిసి ప్రాజెక్టు చేసిన అలవాటు, పైగా నేను నేను అని చెప్పుకోకూడదని ఇంట్లో పెంచిన పద్ధతి. ఎదుట కూర్చున్నవాళ్లకి కావలసింది ఆ నలుగురిలో నువ్వేం చేశావన్నది. ఏ ఫైలు నువ్వు రాశావు, ఏ తప్పు నువ్వు పట్టుకున్నావు, ఎవరితో అభిప్రాయభేదం వస్తే ఎలా తేల్చుకున్నావు, ఇవి చెప్పు. అది గొప్పలు చెప్పుకోవడం కాదు.

గ్రూప్ ఎక్సర్‌సైజ్‌లో అందరికంటే ఎక్కువ మాట్లాడాలన్న ఆరాటం వద్దు. మాట్లాడే అవకాశం రాని మనిషిని చూసి ‘మీరేమంటారు?’ అని అడిగితే అదీ మార్కే.

ఇంకోటి, దీన్ని నేను చాలా గట్టిగా చెప్తున్నాను. అక్కడా ఇక్కడా కన్సల్టెన్సీవాళ్లు కొందరు రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టించి ఇస్తామంటారు. వాళ్ల ఫోను కూడా ఎత్తకు. ఈ స్కీములు అనుభవం లేనివాళ్ల కోసమే పెట్టినవి, ఆ అబద్ధం నీకు అవసరమే లేదు. బ్యాంకులు చేరే ముందు పాత ఉద్యోగాలు, మధ్యలో ఖాళీలు, చిరునామాలు, అప్పుల చరిత్ర అన్నీ ఆరా తీస్తాయి. అబద్ధం చెప్పి దొరికితే సిఫాస్ అనే మోసాల నివారణ సంస్థ జాబితాలో పేరు ఎక్కవచ్చు. ఎక్కితే ఏళ్ల తరబడి బ్యాంకుల్లో ఉద్యోగం దొరకడం చాలా కష్టం. ఖాళీ ఉంటే ఉందని చెప్పు, ఎందుకో చెప్పు. వాళ్లు అర్థం చేసుకుంటారు.

కోడింగ్ సాధన ఎలాగూ చేస్తావు. దాంతోపాటు డబ్బు కంప్యూటర్లో ఎలా నడుస్తుందో కొంచెం ఆలోచించి వెళ్లు. 0.1కి 0.2 కలిపితే ఫ్లోట్‌లో, అంటే కంప్యూటరు దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రూపంలో, సరిగ్గా 0.3 రాదని నీకు తెలుసు. మరి ఖాతాలో నిల్వని ఏ రూపంలో దాచాలి? యూపీఐలో డబ్బు పంపావు, చక్రం తిరుగుతూ ఉండగా నెట్ పోయింది, మళ్లీ నొక్కావు. రెండుసార్లు పోకుండా ఉండాలంటే సర్వర్‌లో ఏం ఉండాలి? ప్రతి చెల్లింపుకీ ఒక ప్రత్యేకమైన నంబరు, ఆ నంబరు ముందే వచ్చిందా అని చూసే తనిఖీ, ఆ రెండూ ఎక్కడ పెడతావు? వీటిమీద పది నిమిషాలు నిలకడగా మాట్లాడగలిగితే నిన్ను మర్చిపోరు.

చేరాక సంగతి. రెండేళ్లలో మూడు నాలుగు టీముల్లో తిప్పుతారు. అందరూ ఏఐ టీమనీ, మొబైల్ యాప్ టీమనీ ఎగబడతారు. ఒకటి నీకు నచ్చింది తీసుకో, తప్పులేదు. కానీ ఒక రొటేషన్ (ఒక టీములో గడిపే విడత) మాత్రం ప్రొడక్షన్ సపోర్టులో, అంటే ఖాతాదారులు వాడుతున్న వ్యవస్థలు ఆగకుండా చూసుకునే టీములో, వీలైతే పేమెంట్స్‌లో, నోరు తెరిచి అడిగి మరీ తీసుకో. ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఇదే.

2012 జూన్‌లో ఆర్‌బీఎస్ (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్) గ్రూపులో, ఆ రోజు లావాదేవీలన్నిటినీ రాత్రిపూట ఒకేసారి లెక్కకట్టే బ్యాచ్ పనుల్ని వరుసలో నడిపే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌గ్రేడ్ చేశారు. ఏదో తేడా కనిపించింది. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామనుకున్నారు, కానీ వెళ్తే ఏమవుతుందో ముందు పరీక్షించి చూడలేదు. బ్యాచ్ నిలిచిపోయింది. బ్రిటన్‌లో 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. ఖాతాల్లో నిల్వలు సరిగా కనబడలేదు, చెల్లింపులు ఆగిపోయాయి. 2014లో నియంత్రణ సంస్థలు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఇందులో కొత్త అల్గారిథం ఏదీ లేదు. ఒక అప్‌గ్రేడు, దాన్ని వెనక్కి తీసుకునే ప్రయత్నం, అంతే.

ఆరేళ్లకి, 2018 ఏప్రిల్‌లో, టీఎస్‌బీ అనే బ్యాంకు తన ఖాతాదారులందరినీ లాయిడ్స్ బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకి మార్చింది. డేటా సరిగ్గానే వెళ్లింది. దాన్ని మోయాల్సిన వ్యవస్థ నిలబడలేదు. పూర్తిగా కుదుటపడడానికి ఆ డిసెంబరు దాకా పట్టింది. జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. 2023లో అప్పటి సాంకేతిక విభాగం అధిపతికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా కూడా పడింది.

ఇవి నిన్ను భయపెట్టడానికి కాదు. బ్యాంకులో ఒక చిన్న మార్పుకి చేంజ్ టికెట్ (ఏం మారుస్తున్నామో రాసే అర్జీ), ఇంకొకరి ఆమోదం, రోల్‌బ్యాక్ ప్లాను (తేడా వస్తే వెనక్కి వెళ్లే పద్ధతి), శుక్రవారం సాయంత్రం రిలీజ్ వద్దనే నియమం ఉంటే, ‘ఇంత నత్తనడకేంటి’ అని విసుక్కునే కొత్తవాళ్లని చాలామందిని చూశాను. సపోర్టులో ఆరు నెలలు పనిచేసినవాళ్లు అలా విసుక్కోరు. ఒక ఫైలు ఆలస్యమైతే ఎవరి జీతం ఆగుతుందో వాళ్లకి తెలుసు. రోల్‌బ్యాక్ ప్లాను చదివి ‘దీన్ని ఒకసారి నడిపి చూశారా?’ అని అడగడం వాళ్లకి వస్తుంది. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషతో, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల దగ్గర పనిచేసే పెద్దవాళ్లు కనిపిస్తే పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఏ లెక్క ఎందుకలా ఉందో వాళ్లు చెప్పినట్టు ఏ డాక్యుమెంటులోనూ ఉండదు.

లండన్ కావాలని పట్టుబట్టకు. నీకు దగ్గర్లోనే నట్స్‌ఫర్డ్ దగ్గర బార్‌క్లేస్ టెక్నాలజీ క్యాంపస్ ఉంది, ఎడిన్‌బరోలో నాట్‌వెస్ట్ ఉంది, గ్లాస్గోలో జేపీ మోర్గన్ ఉంది. అద్దె తక్కువ, పని అదే. లాయిడ్స్ 2023లో హైదరాబాద్‌లో సెంటర్ పెట్టింది, ఇంకా చాలా బ్యాంకుల టీములు అక్కడున్నాయి. నీ టీములో మనవాళ్లు ఉంటారు. విడిగా తెలుగులో హాయిగా మాట్లాడుకోండి. మీటింగులో ఒక్క మనిషికి తెలుగు రాకపోయినా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి.

ఆగస్టు పదిహేనులోపు సీవీ పంపు, ఒక పేజీ చాలు. ‘మా బ్యాంకే ఎందుకు?’ అన్న ప్రశ్నకి జవాబు కూడా రాసి పంపు. అందులో బ్యాంకు పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా అతికేలా ఉంటే తిప్పి పంపేస్తాను, మళ్లీ రాద్దువుగాని.

నీ
పెద్దమ్మ