తమ్ముడూ, ముందు ఊపిరి వదలడం నేర్చుకో

తమ్ముడూ,

మరదలు ఫోన్ చేసి చెప్పింది, కాకినాడలో ఊదే టెస్టు చేసి సీఓపీడీ, అదే ఊపిరి గొట్టాలు సన్నబడిపోయే జబ్బు, అన్నారంట, అప్పట్నుంచి నువ్వు మిల్లుకీ వెళ్ళక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడక ఊరికే కూర్చుంటున్నావంట. ఇదే జబ్బు నాకూ ఉంది, మీ బావకీ ఉండేది, ఆయన్ని చూసుకున్నా, నన్ను నేను చూసుకుంటున్నా, కాబట్టి నా మాట కాస్త ఓపిగ్గా చదువు. పెద్దదే రాస్తున్నా, ఒక్కసారి కుదరకపోతే రెండు మూడు సార్లుగా చదువుకో.

ముందు నీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకో. నీకు గాలి చాలట్లేదు అనిపిస్తుంది, అందుకని నోరు తెరిచి గబగబా లాగుతావు. అసలు ఇబ్బంది లోపలికి లాగడంలో కంటే బయటికి వదలడంలో ఎక్కువ ఉంది నాన్నా. గొట్టాలు వాచి సన్నబడిపోయి, ఊపిరితిత్తులు సాగిపోయి, లోపలికెళ్ళిన గాలి పూర్తిగా బయటికి రాదు, పాతగాలి అక్కడే ఉండిపోతే కొత్తగాలికి చోటెక్కడిది? బస్సులోంచి దిగేవాళ్ళు దిగకుండానే ఎక్కేవాళ్ళు తోసుకున్నట్టు ఉంటుంది నీ పని. నీ చేత ఊదించింది కూడా అది చూడ్డానికే, గట్టిగా ఊదితే మొత్తం గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొచ్చింది అని. మందు పీల్పించి మళ్ళీ ఊదించినా అది 70 శాతం కంటే తక్కువే వస్తే ఈ జబ్బు అంటారు. ఉబ్బసంలో అయితే మందుకి గొట్టాలు చాలావరకు తెరుచుకుంటాయి, దీంట్లో అంతగా తెరుచుకోవు. పోయింది తిరిగి రాదని డాక్టరుగారు చెప్పింది నిజమే, కానీ ఉన్నదాంతో బతకడం నేర్చుకోవచ్చు, నేను ఈ వయసులో ఇంకా నా వంట నేనే చేసుకుంటున్నా కదా.

అందుకే నేను చెప్పే మొదటి పాఠం ఊపిరి వదలడం. ఇలా చెయ్యి. భుజాలు కిందకి వదిలెయ్, ముక్కుతో మెల్లిగా పీల్చు, మనసులో ఒకటి రెండు అనుకో, చాలు, ఎక్కువ లాగొద్దు. తర్వాత పెదాలు దగ్గరకి చేర్చి, వేడి టీ మీద ఊదేటప్పుడు పెడతాం చూడు అలా పెట్టి, ఒకటి రెండు మూడు నాలుగు అనుకుంటూ సన్నగా వదులు. బలంగా ఊదకు, పోనీ అన్నట్టు వదలాలి. అలా వదిలితే గొట్టాలు మధ్యలో మూసుకుపోకుండా కాసేపు తెరుచుకుని ఉంటాయి, లోపల ఇరుక్కున్నది బయటికి పోతుంది. ఆయాసం వచ్చాక మొదలుపెడితే రాదు, కంగారులో ఏదీ గుర్తుండదు, అందుకని ఏ ఆయాసం లేనప్పుడు టీవీ చూస్తూ ప్రాక్టీసు చెయ్యి, రోజుకి నాలుగైదు సార్లు.

ఆ తర్వాత ప్రతి పనిలోనూ ఇదే పెట్టుకో, కష్టమున్న చోట ఊపిరి వదలాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు వదులుతూ లే. బిందె ఎత్తేటప్పుడు వదులుతూ ఎత్తు. మెట్లెక్కేటప్పుడు నించుని పీల్చుకుని, వదులుతూ ఒకటో రెండో మెట్లెక్కు. మనం చేసేది దానికి పూర్తిగా రివర్సు, బరువు అనగానే ఊపిరి బిగబట్టేస్తాం. వంగి కాళ్ళు కడుక్కుంటే నీకు ఆయాసం వస్తుందని మరదలు చెప్పింది, వంగితే పొట్ట పైకి తన్ని ఊపిరితిత్తులకి చోటు తగ్గిపోతుంది, అందుకే స్టూలు మీద కూర్చుని కాలు రెండో మోకాలి మీద పెట్టుకుని కడుక్కో. స్నానం కూడా కూర్చునే చెయ్యి, బాత్రూం తలుపు కాస్త తీసే ఉంచు, ఆవిరి పట్టేస్తే నీకు పడదు. ఒళ్ళు తుడుచుకోవడానికి చేతులు పైకెత్తి రుద్దుకుంటేనే సగం ఆయాసం వస్తుంది, పెద్ద తువ్వాలు కప్పుకుని కాసేపు కూర్చో, తడి అదే పీల్చుకుంటుంది. ఇవి చిన్న విషయాలు అనుకోకు, ఉదయం స్నానానికే ఓపిక అంతా అయిపోతే ఇక రోజంతా మంచం మీదే.

ఇప్పుడు మందు సంగతి. నీకిచ్చింది క్యాప్సూల్ పెట్టి పీల్చేది, రోటాహేలర్. మన వైపు ఆ క్యాప్సూల్ నీళ్ళతో మింగేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది మింగేది కాదు. క్యాప్సూల్ పెట్టి తిప్పాక, ముందు నీ గాలి మొత్తం బయటికి వదిలెయ్, ఆ పరికరంలోకి మాత్రం ఊదకు, పక్కకి తిరిగి వదులు. తర్వాత పెదాలు బిగించి ఒక్కసారిగా లోతుగా గట్టిగా పీల్చు, లోపల గరగరమని చప్పుడు వినపడాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆపు, అంతసేపు కాకపోతే ఆపగలిగినంత ఆపు. విప్పి చూడు, పొడి మిగిలి ఉంటే మళ్ళీ పీల్చు. తర్వాత నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్, లేకపోతే స్టెరాయిడ్ ఉన్న మందుకి నోట్లో తెల్లగా పూస్తుంది. మన డెల్టాలో గాలికి తేమ ఎక్కువ కదా, క్యాప్సూల్స్ డబ్బా మూత తీసి వదిలేస్తే పొడి ముద్దకడుతుంది, పరికరం కడిగితే పూర్తిగా ఆరాకే వాడు. ఒకవేళ స్ప్రే ఇస్తే మాత్రం దానికి తగిలించుకుని పీల్చే స్పేసర్ గొట్టం కూడా రాయమని అడుగు, దాన్ని పొడిలాగా గట్టిగా కాదు, మెల్లిగా పీల్చాలి, ఈ రెండూ కలిపేసుకుంటే మందు గొంతులోనే ఉండిపోతుంది.

రోజూ వాడేది వేరు, ఆయాసం వచ్చినప్పుడు వాడేది వేరు. బాగుంది కదా అని రోజూవారీది మానెయ్యకు, అది బాగుండటానికే ఇచ్చింది. ఖర్చు ఎక్కువవుతుందంటే జనౌషధి షాపులో అదే మందు ఉందేమో అడుగు, మొహమాటపడకు.

ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్ళో సూది వేయించుకుంటున్నావని విన్నా. ఇది మాత్రం నాకు నిజంగా బాధగా ఉంది. ఆ సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది, రెండ్రోజులు హాయిగా ఉంటుంది కాబట్టి మంచి చెయ్యి అనుకుంటాం. జబ్బు ముదిరినప్పుడు డాక్టరు చెప్పి ఐదు రోజులు మాత్రలుగా ఇవ్వడం వేరు, అది పద్ధతి. నెలనెలా ఇలా ఎక్కించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి, కండ కరిగిపోతుంది, కండ కరిగితే ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. మీ బావకి ఇలాగే వేసేవారు, తుంటి ఎముక విరిగితే గానీ మాకెవరూ చెప్పలేదు. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్ళి చేప మందు వేయించుకుంటానన్నావంట, అది ఈ జబ్బుకి పనిచేస్తుందని ఎక్కడా రుజువు లేదు, పైగా ఆ జనంలో తోపులాటలో నువ్వు నిలబడలేవు.

చుట్ట సంగతి. లంక పుగాకు మన నాన్న కాలం నుంచీ ఇంట్లో ఉన్నదే, నీకు పదిహేనేళ్ళప్పుడు నాన్న చుట్ట వెలిగించి ఇమ్మంటే అక్కడే అలవాటైంది, నిన్ను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఈ జబ్బులో ఊపిరితిత్తులు త్వరగా పాడవకుండా ఆపే వాటిల్లో పొగ మానడాన్ని మించింది లేదు, ఏ వయసులో మానినా ఫలితం ఉంటుంది. రెండుకి తగ్గించా అంటే కుదరదు, పూర్తిగా మానాలి. తాగాలనిపించిన ఆ లాగుడు కొన్ని నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు లేచి పెరట్లోకి నడువు, సోంపు నములు. నీ ఒక్కడి వల్ల కాకపోతే 1800112356 కి ఫోన్ చెయ్యి, పొగాకు మానేవాళ్ళకి గవర్నమెంటు పెట్టిన నంబరు, డబ్బులు పడవు. డాక్టర్ని అడిగితే నికోటిన్ బిళ్ళలు, గమ్ కూడా రాస్తారు.

నేను జన్మలో చుట్ట ముట్టలేదు, నాకెలా వచ్చిందని నువ్వే ఒకసారి అడిగావు. కొబ్బరి మట్టలు, డొక్కలు, ఊక పొయ్యి, పిడకలు, కిటికీ లేని వంటిల్లు. దీపం పథకం 1999లో వచ్చింది, మా ఇంటికి గ్యాస్ ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది, అప్పటికి నా సగం ఆయుష్షు పొగలోనే గడిచింది. అందుకని మరదలు ఇప్పటికీ గ్యాస్ ఆదా అని పెరట్లో మట్టలు పెట్టి నీళ్ళు కాస్తే ఆపించు, నీకోసమే కాదు దానికోసం కూడా. దోమలకి కాయిల్ వద్దు, వేపాకు పొగ వద్దు, దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి వేస్తే నువ్వు ఆ గదిలో ఉండకు. మిల్లులో తవుడు, ఊక దుమ్ము దగ్గర పని మానేసి గుమాస్తా పనికి మార్చమని ఓనరుగారిని అడుగు, ఇన్నేళ్ళు చేసినవాడివి కాదనరు. కండువా చుట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు.

చలికాలం మనకి గడ్డుకాలం. భోగి మంట దగ్గరకి వెళ్ళకు, మనవలు పిలిచినా సరే. కోతలయ్యాక మిషను కోసిన చేలల్లో గడ్డి తగలబెడతారు, సార్వాకీ దాళ్వాకీ కూడా, ఆ వాసన రాగానే తలుపులు మూసుకో, మరీ ఎక్కువగా ఉంటే రెండ్రోజులు మా ఇంటికి వచ్చెయ్. ఫ్లూ టీకా ఏడాదికోసారి, నిమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు వేయించుకో.

అయితే ఇంట్లోనే కూర్చోమని మాత్రం అనను. ఆయాసం వస్తుందని నడవడం మానేస్తే కాళ్ళ కండలు నీరసపడతాయి, నీరసపడిన కండకి అదే పనికి ఎక్కువ గాలి కావాలి, దాంతో ఇంకా ముందే ఆయాసం, ఇంకా భయం, ఇంకా కూర్చోవడం. మంచం పట్టేది ఇలాగే. పొద్దున్నే మంచులో వద్దు, ఎండ వచ్చాక కాలవ గట్టు మీద నడువు. కాస్త ఆయాసం రావాలి, పొట్టి మాటలు మాట్లాడగలిగేటంత. ఎక్కువైతే ఆగి కల్వర్టు గోడ మీద రెండు చేతులూ ఆన్చి ముందుకి వాలి సన్నగా వదులు, తగ్గాక మళ్ళీ నడువు. ఆగినందుకు సిగ్గుపడకు, ఎవరైనా ఏంటండీ అంటే కాలవ చూస్తున్నా అను.

తిండి కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. కంచం నిండా అన్నం పెట్టుకుంటే పొట్ట ఉబ్బి ఊపిరాడదు. అన్నం తగ్గించి గుడ్డు, చేప, పప్పు పెంచు. బరువు తగ్గిపోతుంటే డాక్టరుకి చెప్పు. కాళ్ళు వాస్తే ఊరగాయలు మానెయ్, అదీ వెంటనే చూపించాల్సిన విషయమే.

మరదలు కూడా ఇది చదవాలి. నీకు ఆయాసం వచ్చినప్పుడు అందరూ చుట్టూ మూగి ఏమైంది ఏమైంది అనకూడదు. నిన్ను కూర్చోబెట్టి, మోచేతులు తొడల మీద ఆన్చి ముందుకి వాలమని చెప్పి, తాటాకు విసనకర్రతో ముక్కూ మూతీ మీద మెల్లిగా విసరాలి. మొహానికి గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు ఉంటుంది, మీ బావకి మందు పనిచేసే లోపల ఇదే ఆధారం. దానికి ఇంకో సంగతి కూడా చెప్పు, కఫం రంగు రోజూ గమనించాలి. తెల్లగా ఉండేది పచ్చగా చిక్కగా మారి ఎక్కువైతే, రాత్రి పడుకోలేక కూర్చోవాల్సి వస్తే, ఆ రోజే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, ఆదివారం అని ఆగకూడదు. పెదాలు గోళ్ళు నీలంగా మారితే, ఒక్క మాట కూడా పూర్తిగా అనలేకపోతే, మత్తుగా అయోమయంగా ఉంటే 108. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, కఫంలో రక్తం కనపడితే తెమడ పరీక్ష చేయించండి, టీబీ కూడా ఇలాగే మొదలవుతుంది.

ఆక్సిజన్ గురించి ఇప్పుడే భయపడకు, అందరికీ అవసరం రాదు. పరీక్షల్లో రక్తంలో ఆక్సిజన్ 88 శాతం, అంతకన్నా తక్కువ అలాగే ఉండిపోతుంటే డాక్టరు రాస్తారు, అప్పుడు రోజుకి కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. ఎక్కువ పెడితే మంచిది అనుకుని మీటరు తిప్పకూడదు, మనలాంటి వాళ్ళకి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, ఎక్కువైతే లోపల చెడుగాలి పేరుకుని మగత వస్తుంది. దాని దగ్గర దీపం, పొయ్యి, చుట్ట ఏవీ ఉండకూడదు. తుఫాను వస్తుందంటే కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను నమ్ముకోకూడదు, 96 తుఫానుకి కోనసీమలో కరెంటు ఎన్నాళ్ళు లేదో నీకు గుర్తే కదా, ముందే సిలిండరు తెచ్చి పెట్టుకోవాలి, వరద వచ్చే లంకల్లో వాళ్ళయితే ముందే గట్టు మీదకి వచ్చెయ్యాలి. మాకు అలా ఒకసారి రాత్రంతా పక్కింటి ఇన్వర్టరు మీద గడిచింది, ఆ రాత్రి నీకు రాకూడదు.

ఈ ఆదివారం చించినాడ బ్రిడ్జి మీదుగా వస్తా, పదింటికల్లా ఉంటా. నీ మందులు, వేయించుకున్న సూదుల చీటీలు అన్నీ తీసి పెట్టు, నా ముందు ఆ క్యాప్సూల్ పీల్చి చూపించాలి. చేపల పులుసు నేనే తెస్తా, మరదల్ని అన్నం ఒక్కటే పెట్టమని చెప్పు.

మీ పెద్దక్క