తాలు పోయిన మడిలో మిగిలిన గట్టి గింజలు విత్తనానికి పనికొస్తాయా?

మీరు రెండు సంగతులు అడిగారు. యాసంగి వరి ఏప్రిల్ ఎండకు సగం తాలు (గింజ లేని ఒట్టి పొట్టు) పోయింది, మిగిలిన గట్టి గింజల్ని దాచి విత్తితే వచ్చే ఏడు ఎండకు ఆగుతుందా అనేది ఒకటి. షాపులో ‘హీట్ టాలరెంట్’ (ఎండకు ఆగేది) అని ఎక్కువ ధర చెబుతున్న ప్యాకెట్ కొనాలా అనేది రెండోది. మొదటిదానికి నా జవాబు: ఆగదు. అది తెలుసుకోవడానికి మా ఇంట్లో రెండు పంటలు నష్టపోవాల్సి వచ్చింది, ఎందుకో అర్థం కావడానికి నాకు ఎమ్మెస్సీ దాకా పట్టింది.

మాది సూర్యాపేట వైపు. నేను డిగ్రీలో ఉండగా ఒక యాసంగిలో బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయించి మళ్లీ దించేసరికి మా నారు మూడు వారాలు వెనకబడింది. వేసింది ఎంటీయూ 1010 అనే వరి రకం. ఊళ్లో అందరి వరి మార్చిలో ఈనితే (కంకి బయటికొస్తే) మాది ఏప్రిల్‌లో ఈనింది. గట్టు మీద నిలబడి చూస్తే చేను బ్రహ్మాండంగా ఉంది. కానీ పదిహేను రోజులైనా కంకులు వంగలేదు. గింజ బరువెక్కితే కదా వంగేది! బాపు ఒక కంకి తెంపి, ఒక్కో గింజనూ గోటితో నొక్కుకుంటూ పోయాడు. పాలు లేవు, ఒట్టి పొట్టు. “సుంకు మీద ఎండ కొట్టింది” అన్నాడు, కంకిని గట్టు మీద పడేసి. సుంకు అంటే వరి పూత.

కోతలయ్యాక ఆయన కూడా మీలాగే ఆలోచించాడు. తూర్పారబట్టగా మిగిలిన గట్టి వడ్లు రెండు బస్తాలు విడిగా కట్టి, “అంత ఎండకు నిలబడ్డ గింజలివి, వీటినే విత్తుదాం” అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. మరుసటి యాసంగిలో ట్రాక్టరు దొరక్క సగం భూమిలో నాట్లు మళ్లీ ఆలస్యమయ్యాయి. ముందు నాటిన సగం బాగా పండింది. వెనక నాటిన సగం మళ్లీ తాలే. రెండు మడుల్లోనూ ఆ బస్తాల విత్తనమే.

ఎందుకలా అయిందో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు తెలిసింది. వరిలో ఒక పువ్వు పుప్పొడి ఆ పువ్వు మీదే పడుతుంది, పక్క మొక్కతో కలవడం నూటికి ఒకటి కూడా ఉండదు. పైగా 1010 లాంటి రకాన్ని తరాల తరబడి ఏరి ఏరి శుద్ధ వంశంగా తయారు చేస్తారు. అంటే మీ మడిలో ఉన్న వేల మొక్కల్లోనూ దాదాపు ఒకే జన్యువులు. తాలు పోయిన గింజకూ, గట్టిపడ్డ గింజకూ జన్యువుల్లో తేడా లేదు. తేడా అవి పూసిన గంటలో ఉంది.

వరి పువ్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. మామూలుగా పొద్దున తొమ్మిదిన్నర పది నుంచి మధ్యాహ్నంలోపు, అదీ గంట సేపు ఉంటే ఎక్కువ. ఆ గంటలో పువ్వు దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే గింజ పట్టడం కష్టం. ఒక కంకిలో పువ్వులన్నీ ఒకే రోజు పూయవు, కొస నుంచి మొదలై కిందికి వారం దాకా పూస్తూ పోతాయి. ఆ వారంలో ఒకరోజు మబ్బు పట్టిందనుకోండి, ఆ రోజు పూసినవి గట్టిపడతాయి. మా బాపు బస్తాలకెత్తింది ఆ మబ్బు పట్టిన రోజు గింజల్ని!

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి చెప్పాలి. ఎండకు పుప్పొడి చచ్చిపోతుందని నేను అనుకునేవాణ్ణి. పుప్పొడిని స్లైడు మీద రాల్చి అయోడిన్ ద్రావణం చుక్క వేస్తే, పిండిపదార్థం ఉన్న మంచి రేణువులు నల్లగా గుండ్రంగా కనిపిస్తాయి, చచ్చువి పాలిపోయి ముడుచుకుని ఉంటాయి. ఎండకు పెట్టిన కుండీలోంచి తెచ్చిన పువ్వులు చూస్తే చాలా వాటిలో రేణువులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మరి గింజ ఎందుకు పట్టలేదు? పుప్పొడి ఉండే సుంకు తిత్తి పగలలేదు, అందుకని. పుప్పొడి లోపలే ఉండిపోయింది. ఎండను తట్టుకునే రకాల్లో ఈ తిత్తి అడుగు వైపు పొడుగ్గా చీలుతుంది, పుప్పొడి జారి నేరుగా కింద ఉన్న కీలాగ్రం (పుప్పొడిని అందుకునే ఆడ భాగం) మీద పడుతుంది. ఆ చీలిక పొడవు మొక్క వంశంలో వచ్చే లక్షణం. గింజ పైన చూసి దాన్ని కనిపెట్టలేం.

అలాగని రైతు ఏరికతో ఎండకు ఆగే రకాలు రావని కాదు. పాత నాటు రకాల్లో ఒకే మడిలో రకరకాల జన్యువుల మొక్కలుండేవి. అక్కడ ఏరితే ఏరినదానికి ఫలితం ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్ జిల్లా నగీనా పేరుతో ఉన్న నగీనా 22 ఆ పాత వంగడాల కోవలోదే. పూత దశలో ఎండకు ఆగడంలో ప్రపంచమంతా దీన్నే కొలమానంగా వాడుతుంది, 38 డిగ్రీల్లో కూడా సగానికి పైగా గింజ పడుతుంది. కానీ దిగుబడి తక్కువ. అందుకే దాన్ని నేరుగా వేసుకోమని ఎవరూ చెప్పరు, సంకరాలకు వాడతారు. ఐఆర్64 అనే వరి రకంతో సంకరం చేసి వెతికితే 4వ క్రోమోజోములో ఒక ముక్క దొరికింది. అది ఉంటే ఎండలో గింజ పట్టడం కొంత మెరుగవుతుంది. కొంతే. నగీనా బలమంతా ఆ ముక్కలో లేదు, చాలాచోట్ల కొంచెం కొంచెంగా పరుచుకుని ఉంది.

ఇంకో దారిని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు, నాకు అదే ఎక్కువ నచ్చింది. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి పొద్దున్నే పూస్తుంది. దాని 3వ క్రోమోజోము ముక్కను ఐఆర్64లోకి తెస్తే పువ్వు గంటన్నరకు పైగా ముందే విచ్చుకుంది. ఎండను ఓర్చుకోవడం కాదు, ఎండ ఎక్కేలోపు పని ముగించుకుని తలుపేసుకోవడం. మన కూలీలు పొద్దున్నే చేలోకి దిగినట్టు!

2015లో చైనా శాస్త్రవేత్తలు ఆఫ్రికా వరిలో టీటీ1 అనే జన్యువును కనిపెట్టారు. వేడికి కణంలో ప్రోటీన్లు ఉడికిన తెల్లసొనలా పాడవుతాయి. ఆ పాడైన సరుకును ఊడ్చే యంత్రంలో ఒక భాగాన్ని ఈ జన్యువు తయారు చేస్తుంది, ఆఫ్రికా రూపం ఆ పనిని చురుగ్గా చేయిస్తుంది. పేపర్లలో ‘ఎండ జన్యువు దొరికింది’ అని చదివితే, అది మొక్క ఏ దశలో పనిచేస్తుందో కూడా చూడండి. నారు దశలో ఎండకు ఆగే మొక్క పూతలో ఆగాలని లేదు.

నారు అంటే గుర్తొచ్చింది. మొక్కకు ముందు కొద్దిగా వేడి తగిలితే తర్వాతి పెద్ద వేడికి కొంత సిద్ధమవుతుంది, ఇది నిజమే. హీట్ షాక్ ప్రోటీన్లని ఉంటాయి, పాడవబోతున్న ప్రోటీన్లను అవి కాపాడతాయి. కానీ ఆ అలవాటు ఆ మొక్కకు కొద్ది రోజులే. దాన్ని బస్తాలో కట్టి మరుసటి ఏడాదికి తీసుకెళ్లలేం.

ఇక ప్యాకెట్ సంగతి. కొనొద్దని అనను. డీలర్‌ను ‘ఎండకు ఆగుతుందా’ అని మాత్రం అడగొద్దు, ఎవరైనా ఆగుతుందనే అంటారు. పంటకాలం ఎన్ని రోజులు, మన జిల్లాలో యాసంగిలో ఏ రైతు వేశాడు, అతని వరి ఏ వారంలో ఈనింది అని అడగండి. పంటకాలంలోంచి నెల తీసేస్తే సుమారుగా ఈనే రోజు వస్తుంది. 120 రోజుల రకం డిసెంబరు 10లోపు నారు పోస్తే మార్చి రెండో వారం అటూఇటూగా ఈనుతుంది, నారుమడి చలికి బిగుసుకుంటే ఇంకొన్ని రోజులు జరుగుతుంది. జనవరిలో పోస్తే పూత ఏప్రిల్ ఎండలోనే. ఆలస్యం తప్పదనిపిస్తే తక్కువ కాలం రకానికి మారండి.

ఈనేటప్పుడు మడి ఎండకుండా చూసుకోండి. గాలి పొడిగా ఉండి కింద నీళ్లుంటే మొక్క ఆవిరి వదిలి తనను తాను చల్లబరుచుకుంటుంది. ఆస్ట్రేలియాలో అలాంటి పొడిగాలిలో కొలిస్తే కంకి గాలికన్నా ఆరు డిగ్రీలకు పైగా చల్లగా ఉంది. ఉక్కపోతలో ఈ ఉపాయం అంతగా పారదు.

గింజ పట్టాక వచ్చే నూక బాధ వేరు. గింజ గట్టిపడే రోజుల్లో వేడికి లోపల పగుళ్లొస్తాయి, మిల్లులో విరుగుతుంది. యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యానికి తోలడం వెనక ఉన్న కారణం అదే. పూతలో ఎండకు ఆగిన రకం ఇక్కడ కూడా ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, రెండిటి జన్యువులూ వేరు.

మీరు ఏ రకం వేశారో, నారు ఏ తేదీన పోశారో రాయలేదు. ఆ రెండూ చెబితే మీ తాలు నిజంగా ఎండ వల్లా, లేక కాండం తొలిచే పురుగు తెల్లకంకా కూడా తేల్చవచ్చు. తెల్లకంకి అయితే పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. మీరు లాగి చూశారా?