రికార్డు మధ్యలో కాగితం ముందు చదువు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. కొలంబస్‌లో టర్న్‌టేబుల్ కొన్నావట, పాత సోల్ రికార్డులు, అంటే అరవైల నాటి అమెరికా నల్లవాళ్ల పాటలు, పోగేద్దామనుకుంటున్నావట, ఏవి అరుదైనవో ఒక లిస్టు పంపించమన్నావు. లిస్టు పంపను. ఇస్తే నువ్వు అందులో ఉన్నవాటినే వెతుకుతావు, వాటికోసం ఇప్పటికే లోకమంతా వెతుకుతోంది, నీకు దొరకవు, దొరికినా నీ జీతం చాలదు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గానీ, రికార్డులన్న మాట నా నోట్లోంచి రాగానే మీ అత్తయ్య "మళ్లీ ఆ పెంకుల గోలేనా" అంటుంది. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ సూట్‌కేస్ ప్లేయర్ వెనక్కిచ్చేసెయ్. ఫొటోలో చూడగానే నాకు ప్రాణం ఉసూరుమంది. దానికి ముల్లు ఎంత బరువుతో ఆనాలో సరిచేసుకునే వీలుండదు, మంచి రికార్డుని కూడా గీకి పారేస్తుంది. తెనాలిలో మా నాన్నగారికి, అంటే మీ తాతయ్యకి, హెచ్ఎంవీ ఫియస్టా ఉండేది. ఆయన లేనప్పుడు రికార్డు మీద వేలు పెట్టామని తెలిస్తే వీపు విమానం మోత మోగేది. అంచులు పట్టుకోవాలి, మధ్య కాగితం మీద బొటనవేలు ఆనించాలి, నల్లటి చోట చెయ్యి తగలకూడదు. నాకు తెలిసిన రికార్డు శాస్త్రంలో సగం అదే, మీ అమ్మకీ తెలుసు, అడుగు.

ఇక అసలు సంగతి. నువ్వు వెతకాల్సింది బోలెడు పాటలుండే పెద్ద ఎల్పీలు కాదు, వైపుకో పాట ఉండే ఏడంగుళాల 45లు, మధ్యలో పెద్ద చిల్లు ఉండేవి. అప్పట్లో ఎల్పీ వేసే స్తోమత పెద్ద కంపెనీలకే. 1959లో బెర్రీ గోర్డీ ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని డెట్రాయిట్‌లో కంపెనీ మొదలుపెట్టి, వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఒక మామూలు ఇంటిని స్టూడియో చేసి మోటౌన్‌ని నిలబెట్టాడు కదా, అది చూసి ఊళ్లో నాలుగు డబ్బులున్న ప్రతివాడికీ ఆశ పుట్టింది. ఎడ్ వింగేట్ అని హోటళ్ల యజమాని, గోల్డెన్ వరల్డ్, రిక్-టిక్ అని రెండు లేబుళ్లు, అంటే రికార్డు కంపెనీలు, నడిపాడు. మోటౌన్‌లో జీతం తీసుకునే వాయిద్యగాళ్లే రాత్రిళ్లు గుట్టుగా వెళ్లి ఆయన దగ్గర వాయించేవాళ్లు. చివరికి గోర్డీ 1966లో ఒకటి, 1968లో రెండోది కొనేశాడు. నేను చెప్పొచ్చేది ఏంటంటే, పేరు తెలియని లేబుల్ అనగానే ఆ పాటలో వాయించినవాళ్లు కూడా అనామకులే అనుకోకు.

వింగేట్ కంటే కిందివాళ్లు ఇంకా వందల్లో ఉన్నారు. గాయకుడే చేతి డబ్బు పెట్టుకుని కొన్ని వందల కాపీలు వేయించుకునేవాడు, కారు డిక్కీలో పెట్టుకుని బార్లకీ చర్చిలకీ తిరిగేవాడు, రేడియోవాడు వెయ్యకపోతే మిగిలినవి బేస్‌మెంట్‌లోకి పోయేవి. ఆ బేస్‌మెంట్లూ నిలవలేదు. డెట్రాయిట్‌లో హేస్టింగ్స్ స్ట్రీట్ అని నల్లవాళ్ల సంగీతానికి ఆయువుపట్టులాంటి వీధి ఉండేది, ఫ్రీవే కోసం దాన్ని నేలమట్టం చేశారు. అక్కడ రికార్డుల షాపు నడిపిన జో వాన్ బాటిల్, తర్వాత సోల్ రాణి అనిపించుకున్న అరెతా ఫ్రాంక్లిన్ పద్నాలుగేళ్లప్పుడు చర్చిలో పాడిన పాటలు రికార్డు చేసినాయన, షాపుని 12వ స్ట్రీట్‌కి మార్చుకున్నాడు. 1967 జూలై అల్లర్లలో అదీ పోయింది. మంటల్లో కొన్ని, ఫైరింజన్ నీళ్లలో కొన్ని, టేపులూ రికార్డులూ కలిసిపోయాయి. సోల్ రికార్డు అరుదైంది అంటే పాట బాగాలేక జనం వదిలేశారని కాదు, దాన్ని దాచిన ఇల్లే లేకుండా పోయిందన్నమాట.

వీటిని మళ్లీ బయటికి తీసింది ఎవరనుకున్నావు? అమెరికావాళ్లు కాదు, ఉత్తర ఇంగ్లండ్ ఫ్యాక్టరీ ఊళ్ల కుర్రాళ్లు. లండన్‌లో డేవ్ గోడిన్ అనే ఆయన షాపుకి ఉత్తరాది నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వచ్చేవాళ్లు కొత్త ఫంక్ వద్దని, పాత జోరైన డాన్స్ పాటలే అడిగేవాళ్లు. వాటికి ఆయన నార్తర్న్ సోల్ అని పేరు పెట్టాడు. 1973 నుంచి 1981 దాకా విగన్ కాసినో అనే డాన్స్ హాల్లో రాత్రి రెండింటికి మొదలై పొద్దున ఎనిమిదింటిదాకా డాన్సులు. అమెరికాలో అమ్ముడుపోని సరుకు గోడౌన్ల నుంచి డీజేలు పెట్టెలు పెట్టెలు మోసుకెళ్లారు. పోటీ ఎంతదాకా పోయిందంటే, తన దగ్గరున్న పాటేదో పక్కవాడికి తెలియకుండా రికార్డు మధ్య కాగితం మీద వేరే కాగితం అంటించి దొంగపేరు చెప్పేవాళ్లు, వంటాయన మసాలా పాళ్లు చెప్పనట్టు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా, ఎలాగోలా బయటపడేది. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్‌వాళ్లదే 'సోల్' అనే లేబుల్‌కి పాడిన 45 ఒకటుంది, ఎడ్డీ ఫోస్టర్ అని దొంగపేరుతో అక్కడ మోగింది. దాని అసలు కాపీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2009లో ఒకటి పాతిక వేల పౌండ్లు దాటింది. నీలాంటివాళ్లకి నిద్ర పట్టకుండా చేసేవి ఇలాంటి వార్తలే, ఒకసారి విని మర్చిపో.

సరే, రికార్డు చేతికొచ్చింది, ఏం చెయ్యాలి? ఫోన్ తీసి ధర చూడకు. కాగితం చదువు. పాట పేరూ గాయకుడి పేరూ అందరూ చదువుతారు, నువ్వు బ్రాకెట్లో ఉండే సన్న అక్షరాలు చదువు, అవి పాట రాసినవాళ్ల పేర్లు. పక్కన పబ్లిషింగ్ కంపెనీ, కింద అరేంజర్, అంటే పాటకి వాయిద్యాలు కూర్చినవాడు, ప్రొడ్యూసర్. అదృష్టం బాగుంటే అంచున లేబుల్ అడ్రసు కూడా ఉంటుంది, వీధి పేరుతో సహా. గాయకుల పేర్లు మారతాయి, గ్రూపులు విడిపోతాయి, అరేంజర్ మాత్రం పది లేబుళ్ల మీద అదే పేరుతో కనిపిస్తాడు. నేను కొన్నవాటిలో మంచివి చాలా వరకు, వినకముందే, అరేంజర్ పేరు చూసి తీసుకున్నవే. ఒక్కోసారి బోల్తా పడ్డాననుకో, డాలర్ పోయింది, అంతే.

తర్వాత లైటు కింద వంచి, పాట అయిపోయాక కాగితానికి ముందు మిగిలే నున్నటి చోటు చూడు. అక్కడ గీకిన అంకెలూ గుర్తులూ ఉంటాయి, అది దాని జాతకం. లాస్ ఏంజెలెస్‌లో మోనార్క్ అనే ఫ్యాక్టరీవాళ్లు చిన్న త్రిభుజం వేసి పక్కన అంకె వేసేవాళ్లు, ఆ అంకెని బట్టి ఏ ఏడాదిదో అంచనా కట్టొచ్చు. ఏఆర్‌పీ అని ముద్ర కనిపిస్తే మా మిషిగన్‌లోనే ఒవాసో అనే ఊళ్లో అచ్చయింది, మోటౌన్‌వి కుప్పలుగా అక్కడే వేశారు, ఆ ఫ్యాక్టరీ 1972లో కాలిపోయింది. నువ్వుండేది ఒహాయోలో కాబట్టి సిన్సినాటి రైట్ రికార్డ్స్ అంకెలు నేర్చుకో. డబ్బు కట్టిన ఎవరికైనా వాళ్లు రికార్డు వేసిచ్చేవాళ్లు, చర్చి బృందాలూ, చిన్న సోల్ గ్రూపులూ అన్నీ వాళ్ల దగ్గరికే. అదే ఊళ్లో బ్రూస్టర్ ఎవెన్యూలో కింగ్ రికార్డ్స్ ఉండేది, గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాడిన కంపెనీ, పాడించడం నుంచి అచ్చువేసి పార్సిల్ కట్టడం దాకా ఒకే కప్పు కింద. ఇక మీ కొలంబస్‌లోనే బిల్ మాస్ అనే రేడియో డీజే 1970 ప్రాంతంలో క్యాప్‌సోల్ అని లేబుల్ పెట్టి కొన్నేళ్లకే మూసేశాడు. ముప్పై ఏళ్ల తర్వాత షికాగోలో న్యూమెరో గ్రూప్ అని కొత్తగా కంపెనీ పెట్టిన కుర్రాళ్లు, 2004లో తమ మొట్టమొదటి విడుదలగా వేసింది ఆ లేబుల్ పాటలే. నువ్వు రోజూ ఆఫీసుకి పోయే ఊరు అది! డెట్రాయిట్ వైపు చూడకుండా ముందు నీ కాళ్ల కింద చూసుకో.

స్టైరీన్ గురించి ఒక్క మాట. పాత 45ల్లో కొన్ని వినైల్ కాదు, స్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్. తేలిగ్గా ఉంటాయి, వంగవు, కాగితం పైన అంటించినట్టు ఉంటుంది. ఇవి మేడిపండు లాంటివి, పైకి తళతళలాడతాయి, ముల్లు పెడితే బుసబుసమంటాయి, ఎప్పుడో ఎవడో అరిగిపోయిన ముల్లుతో పదేపదే వేసి లోపలి గాడిని తినేశాడన్నమాట. అందుకే బ్యాటరీ మీద నడిచే చిన్న ప్లేయర్ వెంట తీసుకెళ్లు, వినకుండా ఇరవై డాలర్లు దాటి పెట్టకు. అమ్మేవాడు వీజీ అని రాస్తే వెరీ గుడ్ అని నమ్మకు, ఆ భాషలో వీజీ అంటే పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు. వీజీ ప్లస్ అయితే ఆలోచించు. దొంగ కాపీలు డెబ్బైల నుంచే ఉన్నాయి, వాటికీ ఇప్పుడు యాభై ఏళ్ల వయసు, చూడ్డానికి పాతగానే ఉంటాయి. అసలుది స్టైరీన్ మీదే వచ్చిందని తెలిసి నీ చేతిలోది వినైల్ అయితే అనుమానించు, ముద్రగుద్దినట్టు ఉండాల్సిన అంకెలు చేత్తో గీకినట్టుంటే అనుమానించు. డిస్కాగ్స్ అనే రికార్డుల సైట్లో ఫొటోలతో పోల్చుకో. ఏమీ తేలకపోతే, పాట నచ్చితే ఐదు డాలర్లకి కొనుక్కో, మహా అయితే నీ దగ్గర దొంగ రికార్డు ఉంటుంది.

ఎక్కడ దొరుకుతాయి అంటే, పాత సామాన్లమ్మే థ్రిఫ్ట్ షాపుల్లో తొంభై పాళ్లు క్రిస్మస్ పాటలూ పోల్కాలే, వెళ్లొద్దనను, ఆశ పెట్టుకోకు. ఎవరైనా పోయాక ఇంట్లో సామానంతా అమ్మే ఎస్టేట్ సేల్స్ మేలు, మొదటిరోజు పొద్దున్నే లైన్లో నించోవాలి. గోస్పెల్ 45లు, అంటే చర్చి పాటలవి, అందరూ పక్కన పడేస్తారు, నువ్వు పడెయ్యకు, ఆదివారం చర్చిలో వాయించినవాళ్లే శనివారం రాత్రి క్లబ్బులో వాయించినవాళ్లు. రెండోవైపు తప్పకుండా విను. ఇంకోటి, నోట్‌బుక్ పెట్టుకో, ఏ రికార్డు ఏ రోజు ఎవరి దగ్గర ఎంతకి కొన్నావో రాసుకో. నేను మొదటి పదేళ్లు రాయలేదు.

రాసి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది ఏ ఏడాదో నీకు చెప్పగలిగేవాణ్ని. తొంభైల చివర్లో ఒక ఎస్టేట్ సేల్‌లో నలభై డాలర్లకి పెట్టె కొన్నాను. అందులో ఒక 45, లేబుల్ ఎవరికీ తెలియదు, గాయకుడూ తెలియదు, పాట మాత్రం మూడు రోజులు నన్ను వదల్లేదు. అంచున అడ్రసు ఉంది, కారేసుకుని వెళ్లాను, ఖాళీ స్థలం, నడుం లోతు గడ్డి. పాట రాసినాయన పేరు కొంచెం అరుదైన పేరు, టెలిఫోన్ డైరెక్టరీలో ఆ ఇంటిపేరు వాళ్లు ఆరుగురే ఉన్నారు. ఆరుగురికీ ఉత్తరాలు రాశాను. రెండు నెలలకి ఒకావిడ ఫోన్ చేసింది. మా నాన్నే పాడింది, పోయి తొమ్మిదేళ్లయింది, మా ఇంట్లో ఒక్క కాపీ కూడా లేదు, చిన్నప్పుడు ఆయన వంటింట్లో పాడుకునేవాడు గానీ రికార్డులో ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు అంది. నేనేం చేశానో తెలుసా? సీడీ చేసి పంపాను. రికార్డు నా దగ్గరే ఉంచుకున్నాను. ఆవిడ థాంక్స్ కార్డు పంపింది, రికార్డు సంగతి ఒక్క మాట కూడా ఎత్తలేదు. నాలుగేళ్ల తర్వాత బుద్ధొచ్చి రికార్డు పార్సిల్ చేస్తే, ఆ అడ్రసులో ఎవరూ లేరని తిరిగొచ్చేసింది. ఆ పార్సిల్ విప్పలేదు. పాడినవాళ్ల ఇంటివాళ్లు దొరికి, వాళ్ల దగ్గర కాపీ లేకపోతే, నీ కాపీ ఇచ్చెయ్. బేరం, ఆలోచన ఏం వద్దు, ఆ రోజే ఇచ్చెయ్.

ఇప్పుడు వెతకడం తేలిక. పాట రాసినవాళ్ల పేర్లు, వాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే బీఎంఐవాళ్ల సైట్లో చూడొచ్చు, పాత కాపీరైట్ రిజిస్టర్లు స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యంలోనే నువ్వెవరో, డబ్బులు అడగట్లేదనీ, అమ్మట్లేదనీ చెప్పు. కంపెనీలవాళ్లు మోసం చేసిన ఇళ్లు అవి, వాళ్ల అనుమానంలో తప్పులేదు. దొరికింది కదా అని పాటని ఆన్‌లైన్‌లో పెట్టెయ్యకు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15 లోపు రికార్డింగులకి 2067 దాకా హక్కులున్నాయి, లేబుల్ మూతపడినంత మాత్రాన పాట ఊరుమ్మడి సొత్తు అయిపోదు.

దాచడం గురించి: నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. డిస్టిల్డ్ వాటర్లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడువు, కాగితం తడవనివ్వకు. బేస్‌మెంట్‌లో నేల మీద మాత్రం ఎప్పుడూ పెట్టకు. 2014 ఆగస్టు వానకి మా బేస్‌మెంట్‌లోకి మోకాలెత్తు నీళ్లొచ్చి రెండు పెట్టెలు పోయాయి, కాగితాలన్నీ ఊడి నీళ్ల మీద తేలాయి, ఏది ఏ రికార్డుదో తెలియదు. మీ అత్తయ్య ఆ రోజు ఒక్క మాట అనలేదు, కాగితాలు ఏరి బట్టలారేసే తీగ మీద ఆరేసింది.

థాంక్స్ గివింగ్‌కి వస్తున్నావు కదా, బుధవారమే బయల్దేరు, శుక్రవారం పొద్దున నిన్నొక చోటికి తీసుకెళ్లాలి. పెద్ద చిల్లుకి పెట్టే ప్లాస్టిక్ బిళ్లలు ఒక పది పట్టుకురా, నావి కనపడట్లేదు, మనవడు బొంగరాల్లా తిప్పుతున్నాడు.

మామయ్య