అన్న అప్పు ఎగ్గొట్టాడు. క్షమించాలంటే నోటు చించెయ్యాలా?

మీరు అడిగింది: అన్న రెండు లక్షలకు ప్రోనోటు రాసిచ్చి ఇప్పుడు "ఏం అప్పు?" అంటున్నాడు. ఇద్దరూ చిత్తూరులో ఒకే సంఘానికి (చర్చికి) వెళ్తారు. క్షమించకుండా బల్ల (ప్రభురాత్రి భోజనం) తీసుకోవద్దని అయ్యగారు (పాస్టరు) అన్నారు. క్షమించడమంటే డబ్బు వదులుకోవడమేనా?

కాదు బ్రదర్. పగ వేరు, బాకీ వేరు. రెంటినీ ఒకే మూటలో కట్టబట్టే ఏదీ తెగడం లేదు.

బైబిల్లో మత్తయి 18లో ఏడుసార్లు క్షమిస్తే చాలా అని శిష్యుడు పేతురు అడిగితే యేసు "డెబ్బది ఏళ్ల మారులు" అన్నాడు. (ఏళ్లంటే సంవత్సరాలు కాదు, ఎక్కం. డెబ్బై ఏళ్లు 490.) ఆ వెంటనే చెప్పిన ఉపమానమంతా అప్పుల లెక్కే: రాజు ఒక దాసుడి అప్పు మాఫీ చేస్తే, ఆ దాసుడు తనకు బాకీపడ్డ తోటి దాసుణ్ణి వదల్లేదు. దేనారం ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. మన మామిడి తోటల్లో రోజుకూలి 600 అనుకుని వేసి చూడండి. దాసుడు రాజుకు పడ్డ పదివేల తలాంతులు 3,600 కోట్లు. తోటి దాసుడు అతనికి పడ్డ నూరు దేనారాలు 60,000. ప్రసంగాల్లో ఈ రెండోదాన్ని చిల్లర కింద దాటేస్తారు. మూడు నెలల కూలి చిల్లరెట్లా అవుతుంది? మీకు జరిగింది నష్టమేనని ఆ ఉపమానమే ఒప్పుకుంటోంది. ఇంకో సంగతి, అందులోని బాకీదారుడు కాళ్లమీద పడి గడువడిగాడు. మీ అన్న అప్పే లేదంటున్నాడు.

అందుకే రెండు వచనాలు పక్కపక్కన పెట్టుకోండి. మార్కు 11:25 ప్రకారం ప్రార్థనలో నిలబడ్డప్పుడే క్షమించాలి, అవతలివాడు అక్కడ ఉండనక్కర్లేదు. లూకా 17:3లో మాత్రం వాడిని గద్దించడం, వాడు మారుమనస్సు పొందడం ఉన్నాయి. మొదటిది ఈ రాత్రే మీరు చెయ్యగలరు. రెండోది అన్న చేతిలో కూడా ఉంది.

మొదటిదానికి ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు డబ్బు: అసలు, వడ్డీ, తేదీ. కుడివైపు మాటలు: పెళ్లిలో అందరి ముందు ఏమన్నాడు, అమ్మతో ఏం చెప్పాడు. మామూలుగా కుడివైపే పొడుగవుతుంది. "అన్నీ క్షమించేశాను ప్రభువా" అని గంపగుత్తగా చెప్తే వారంలో మళ్లీ రగులుకుంటుంది, ఎందుకంటే దేన్ని కొట్టేశారో మీకే తెలీదు. కుడివైపు ఒక్కో పద్దు పైకి చదివి గీత కొట్టండి. కొట్టేసిన పద్దే అర్ధరాత్రి మళ్లీ గుర్తొస్తే మీ ప్రార్థన అబద్ధమని కాదు, ఇంకోసారి కొట్టండి. 490లో ఇవీ ఉంటాయి.

తర్వాత అన్న దగ్గరికి, ఒంటరిగా. మత్తయి 18:15–17లో వరస ఉంది: మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి. మనవాళ్లు మూడోదానితో మొదలుపెడతారు, అయ్యగారికి ఫోన్ కొట్టి. ఇక అన్నకు పరువుతో దిగే మెట్టు ఉండదు. ఆదివారం చర్చి ఆవరణలో వద్దు, వదిన, పిల్లల ముందు వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. పొద్దున్నే, గెనిమ మీద కూర్చుని మాట్లాడండి. "నిన్ను క్షమించాను" అని మొదలుపెట్టకండి, తప్పు ఒప్పుకోనివాడికి అది నింద లాగా వినిపిస్తుంది. "అన్నా, నీ మీద కోపం పెట్టుకుని తిరగడం నా వల్ల కాదు, వదిలేశా. నోటు సంగతి మాత్రం మాట్లాడుకోవాలి" అంటే చాలు. వచనాలు ఎత్తొద్దు.

నోటు గురించి. అడిగినప్పుడు ఇస్తాననే నోటుకు గడువు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు. ఆలోపే కొంత కడితే నోటు వెనక తేదీ, మొత్తం రాయించి సంతకం పెట్టించండి, అక్కణ్ణుంచి మళ్లీ 3 ఏళ్లు. మీరు ప్రార్థిస్తూ కూర్చున్నా ఆ తేదీ ఆగదు. కోర్టుకంటే ముందు పెద్దల దగ్గర తేల్చుకోమని 1 కొరింథీ 6 అంటుంది. నష్టం ఎందుకు సహించకూడదు అని కూడా ఆ పత్రిక రాసిన పౌలు అడుగుతాడు. సహించాలో లేదో మీరే తేల్చుకోవాలి, ఇంకొకరు మీ మెడమీద పెట్టేది కాదు. వదులుకుంటే నిజంగా వదులుకోండి: నోటు మీద "చెల్లు" అని రాసి, సంతకం చేసి అన్న చేతికివ్వండి. నోటు బీరువాలో దాచుకుని మాఫీ నోటితో చెప్తే అది మాఫీ కాదు.

బల్ల గురించి 1 కొరింథీ 11:28 ఎవరికి వారే పరీక్షించుకోమంటుంది. అన్న ఒప్పుకునేదాకా మీరు ఆగనక్కర్లేదు.

క్షమించారు కదా అని అన్న రేపు బ్యాంకు జామీనుకు పిలిస్తే సంతకం పెట్టాలని ఎక్కడా లేదు. కంచరి అలెక్సంద్రు చేసిన కీడుకు ప్రతిఫలాన్ని ప్రభువుకే వదిలిన పౌలు, ఆ పక్క వచనంలోనే (2 తిమోతి 4:15) వాడి విషయంలో జాగ్రత్తగా ఉండమని తిమోతికి రాశాడు.