నీరు తేటపడితే ఆల్చిప్పల్లో విషం పోయినట్టు కాదు

ప్రశ్న: సముద్రపు పాయలో తాళ్లకు ఆల్చిప్పలు పెంచుతున్నాం. పది రోజుల కిందట నీరు ఎర్రబడి, రాత్రిళ్లు మెరిసింది. ఇప్పుడు తేటపడింది. నిన్న ఈ చిప్పలు ఉడికించి తిన్న ఇద్దరికి గంటలోపే పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆ ఎర్ర నాచే కారణమనుకుంటున్నాం. మందుల డీలరు మైక్రోస్కోపులో ఒక చుక్క చూసి విషపు నాచేమీ లేదన్నారు. అనుమానముంటే కాపర్ సల్ఫేట్ చల్లమన్నారు. పట్టుబడి మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దు. పట్టుబడి, అమ్మకం ఈ రోజే ఆపండి. ఇప్పటికే సరుకు పంపి ఉంటే కొన్నవారికి ఫోన్ చేసి తినవద్దని చెప్పి వెనక్కి తెప్పించండి. ఆ ఇద్దరినీ ఆసుపత్రిలో చూపించి, ఆల్చిప్పలు తిన్నాకే తిమ్మిరి మొదలైందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. ఈ విషానికి విరుగుడు లేదు. ఊపిరి కండరాలు చచ్చుబడితే రోగిని కాపాడేది వెంటిలేటరే. మాట తడబడినా, ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇక మీ నిర్ధారణ. నీరు ఎర్రబడటాన్నీ తిమ్మిరినీ ఒకే ముడి వేశారు, అది సరికాదు. ఎర్రబడి రాత్రి మెరిసే నీటిలో ఎక్కువగా కనబడేది నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి. దాని కణాలు గాజు గ్లాసులో కంటికే చిన్న పారదర్శక పూసల్లా కనిపిస్తాయి. అది అమ్మోనియా వదిలి, ఆక్సిజన్ తగ్గించి చేపలను చంపుతుంది కానీ తిమ్మిరి పుట్టించే విషాన్ని చిప్పల్లో చేర్చదు. అలాగని మెరిసిందంతా నాక్టిల్యూకాయే అనుకోకండి, విషపుదైన పైరోడినియం కూడా మెరుస్తుంది. పెదవుల తిమ్మిరి చూస్తే నా అనుమానం నరాలను దెబ్బతీసే సాక్సిటాక్సిన్ అనే విషం మీద. దాన్ని తయారుచేసే నాచులు అలెగ్జాండ్రియం, జిమ్నోడినియం కాటెనేటమ్, పైరోడినియం. అలెగ్జాండ్రియం లీటరుకు కొన్ని వేల కణాలున్నా చిప్పలు ప్రమాదకరం కావచ్చు, అప్పుడు నీటి రంగు ఏమాత్రం మారదు. నాచు పోయాక కూడా ఆల్చిప్పల్లో విషం వారాల తరబడి ఉంటుంది. ఉడికించినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పోదు, పైగా ఉడికిన రసంలోకి దిగుతుంది. యూవీ శుద్ధి తొట్టెలు బాక్టీరియా కోసం, ఈ విషానికి పనికిరావు.

డీలరు "లేదు" అన్న మాటకు విలువ లేదు, లెక్క చూడండి. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ. అందులో ఒక్క కణం కనబడాలంటే లీటరుకు సగటున 20,000 కణాలుండాలి. కణాలు లెక్కించడానికి వాడే, 1 మి.లీ. పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ స్లయిడులోనైనా ఒక కణం అంటే లీటరుకు 1,000. అందుకే ల్యాబులో 25 మి.లీ. నీటిని గొట్టం లాంటి పాత్రలో ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగుకు దిగిన కణాలను కింది నుంచి చూసే తలకిందుల మైక్రోస్కోపుతో లెక్కిస్తారు. అక్కడ ఒక కణం అంటే లీటరుకు 40.

నమూనా తీయడంలోనే సగం పని చెడుతోంది. ఈ నాచులు పగలూ రాత్రీ పైకీ కిందికీ కదులుతాయి, అందుకే పైనీరు ముంచి తెస్తే సరిపోదు. తాళ్లు ఎంత లోతు ఉన్నాయో అంత పొడవు పైపు తీసుకోండి. కింది కొసకు బరువూ తాడూ కట్టి, పై కొస తెరిచి ఉంచి నెమ్మదిగా దింపండి. తరువాత పై కొస మూసి, తాడుతో కింది కొసను పైకి లాగండి. ఆ నీటిని శుభ్రమైన బకెట్లో మెల్లగా కలిపి 250 మి.లీ. గోధుమ రంగు గాజు సీసాలో పోసి, వెంటనే కణాలను చెడకుండా నిలిపే లూగాల్ అయోడిన్ ద్రావణం 1 నుంచి 1.5 మి.లీ. కలపండి. పలచని టీ డికాషన్ రంగు రావాలి. ఎక్కువైతే కణాలు నల్లబడి వాటిపై ఉండే పెంకు పలకలు కనబడవు, తక్కువైతే కుళ్లిపోతాయి. ప్లాస్టిక్ సీసా అయోడిన్‌ను పీల్చేసుకుంటుంది. ఫార్మలిన్ మాత్రం వేయకండి, పెంకులేని జిమ్నోడినియం అందులో పగిలి గుర్తుపట్టలేని ముద్ద అవుతుంది. దీనితోపాటు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) రంధ్రాల వలతో లాగిన నమూనా ఒకటి, మందు కలపకుండా, సీసాలో సగమే నింపి, ఐస్ తగలకుండా చల్లగా, చీకట్లో ఉంచి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చండి. బతికున్న కణాల గొలుసులూ ఈత తీరూ చెప్పే సంగతి మందు వేసిన సీసా చెప్పదు.

అలెగ్జాండ్రియం గుండ్రంగా, 20–50 మైక్రాన్లు, నడుము చుట్టూ గాడితో ఉంటుంది. అందులో కాటెనెల్లా అనే రకం రెండు, నాలుగు, ఎనిమిది కణాల గొలుసు కడుతుంది. రకం తేల్చడానికి కాల్కోఫ్లోర్ రంగు వేసి యూవీ కాంతిలో పెంకు పలకలు, ముఖ్యంగా కణం పైకొసన ఉండే మొదటి శిఖర పలక, అది ఆ కొసనున్న శిఖర రంధ్రాన్ని తాకుతోందా అన్నది చూడాలి. జిమ్నోడినియం కాటెనేటమ్‌కు పలకలుండవు, గొలుసు చాలా పొడవు. తిన్నవారికి తిమ్మిరికి బదులు విరేచనాలైతే ఒకాడాయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేసే డైనోఫైసిస్ నాచును వెతకాలి, అది లీటరుకు వందల్లో ఉన్నా చాలు. వాంతులతోపాటు మతిమరుపు వస్తే సూదుల్లా కొసలు కలిపి గొలుసు కట్టే సూడోనిట్జియా నాచును చూడాలి. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ఆల్చిప్పల్లో డొమోయిక్ ఆమ్లం అనే ఈ మతిమరుపు విషం చేరడానికి కారణం ఇదే.

అయితే ఒకే రకంలో విషమున్నవీ లేనివీ ఉంటాయి. పేరు తెలిస్తే ప్రమాదం తెలుస్తుంది, అమ్మవచ్చా అన్నది తేల్చేది మాంసం పరీక్షే. తాడు పైన, మధ్య, కింద నుంచి కనీసం 150 గ్రా. మాంసం వచ్చేలా బతికున్న చిప్పలు తీసి, తడి గుడ్డలో చుట్టి, నీళ్లు పోయకుండా చల్లగా పంపండి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ పరిమితి కిలో మాంసానికి సాక్సిటాక్సిన్ 0.8 మి.గ్రా., ఒకాడాయిక్ ఆమ్లం 0.16 మి.గ్రా., డొమోయిక్ ఆమ్లం 20 మి.గ్రా. వారం ఎడంతో వరుసగా రెండు నమూనాలు పరిమితి లోపు రావాలి, అంతవరకు పట్టుబడి లేదు.

కాపర్ సల్ఫేట్ మాట మరిచిపోండి. ఆటుపోట్ల నీటిలో అది నిలవదు. తగిలినచోట కణాలు పగిలి విషం నీటిలో కలుస్తుంది, రాగి మీ చిప్పల మాంసంలోకే చేరుతుంది. ఇలాంటి నీటికి చల్లే మందు ఏదీ లేదు. ఉందని చెప్పి అమ్మేవారు మీ సరుకు తినే మనుషుల ప్రాణాల గురించి ఆలోచించడం లేదు. ఆ డబ్బుతో లూగాల్ సీసా, 20 మైక్రాన్ల వల కొని వారానికొకసారి నీటి నమూనా పంపండి. నిన్న వండగా మిగిలిన చిప్పలుంటే పారేయకండి. ఎవరూ తినకుండా సంచిలో కట్టి, చీటీ అంటించి, ఫ్రీజర్‌లో పెట్టి ల్యాబుకు ఇవ్వండి.