కాబ్లర్‌లో అడుగు పిండి పచ్చిగా మిగలకుండా

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశానమ్మా. కాబ్లర్‌కి (అదే, పండ్ల మీద పిండి ముద్దలు వేసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకానికి) పైన రంగు బాగానే వచ్చింది గానీ, చెంచా దించిన చోట పిండి జిగటగా, పండు ముక్కలు నీళ్లలో తేలుతూ కనిపిస్తున్నాయి. "ఇంకో పది నిమిషాలు ఉంచాల్సిందా పెద్దమ్మా?" అని అడిగావు. ఉంచితే పైన మాడేది, కింద మాత్రం అలాగే ఉండేది. నువ్వు పెట్టిన టైము సరిపోయింది. చల్లటి పండ్ల మీద పిండి వేశావు చూడు, తేడా అక్కడ వచ్చింది.

కాబ్లర్‌లో పిండి రెండు వైపుల నుంచీ ఉడకాలి. పైభాగానికి ఓవెన్ వేడి తగులుతుంది. కింది భాగానికి వేడి ఇచ్చేవి పండ్లే. అవి చల్లగా ఉంటే కాగడానికే బోలెడు సేపు పడుతుంది. ఆలోపు పిండిలో వెన్న కరిగి కారిపోతుంది, బేకింగ్ పౌడర్‌కి పొంగించే శక్తి అయిపోతుంది, పిండి అడుగు రసం పీల్చుకుని ముద్దయిపోతుంది. ఒకసారి అలా అయ్యాక ఎంతసేపు కాల్చినా గుల్లబడదు. అందుకే ముందు పండ్లను ఒక్కటే ఓవెన్‌లో పెట్టి, రసం మరగడం మొదలయ్యాక పిండి వెయ్యాలి. ఈ వంటలో మిగతావన్నీ కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి. ఇది మాత్రం తప్పకూడదు.

ఆరుగురికి సరిపడా కొలతలు చెబుతాను. 20 సెంటీమీటర్ల చదరపు పాత్ర తీసుకో, లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. గాజుదైనా పింగాణీదైనా ఫరవాలేదు. పూత లేని అల్యూమినియం పాత్ర వద్దు, పులుపు తగిలి పండ్లకు లోహపు రుచి వస్తుంది. నేను పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా అంటే 5. ఒట్టి చెంచా అన్నా పెద్దదే. మైదా మాత్రం తూకం వేసే తీసుకో. కప్పులో కుక్కి తీసిన మైదాకీ, వదులుగా నింపిన మైదాకీ చాలా తేడా ఉంటుంది. ఆ ఎక్కువైన పిండే కాబ్లర్‌ని రాయిలా చేస్తుంది.

ముందు పీచ్ పళ్లతోనే నేర్చుకో, రసం సంగతి వాటితో బాగా అర్థమవుతుంది. కిలో తీసుకుంటే తొక్క, గింజ పోగా ఇంచుమించు 800 గ్రాములు మిగులుతాయి. నొక్కితే కొద్దిగా లొంగాలి, వేలు దిగిపోకూడదు. మరీ మగ్గినవి ఓవెన్‌లో గుజ్జయిపోతాయి. పచ్చివి మెత్తబడతాయి గానీ వాటికి వాసన, తీపి రావు. తొక్క తీయడానికి పండు అడుగున కత్తితో చిన్న ఇంటూ గుర్తు గీసి, మరిగే నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి, వెంటనే ఐస్ నీళ్లలో వెయ్యి. గీసిన చోట తొక్క అంచులు కొంచెం ముడుచుకుని పైకి లేస్తాయి. అక్కడ పట్టుకుని లాగితే పల్చటి పొరలా ఊడొస్తుంది. రాలేదంటే ఆ పండు ఇంకా పక్వానికి రాలేదన్నమాట, పీలర్‌తో తీసెయ్. ముక్కలు ఒకటిన్నర సెంటీమీటర్ మందం ఉండాలి. సన్నగా తరిగితే చివరికి ముక్క కనిపించదు.

ఈ ముక్కలకు 100 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి అరగంట పక్కన పెట్టు. చక్కెర పండులోని నీటిని బయటికి లాగుతుంది. ఎలాగూ ఓవెన్‌లో ఊరే రసమే కదా, దాన్ని ముందే రప్పించేస్తే మన చేతిలో ఉంటుంది. జల్లెడలో వార్చి, దిగిన రసాన్ని చిన్న గిన్నెలో పావు కప్పు, అంటే 60 మిల్లీలీటర్లు అయ్యేదాకా మరిగించు. పారబోసేవు సుమా, పండు వాసన, నువ్వు వేసిన చక్కెర చాలావరకు అందులోనే ఉన్నాయి. ఒక పెద్ద చెంచా (8 గ్రాములు) కార్న్‌ఫ్లోర్‌ని ఒక పెద్ద చెంచా నిమ్మరసం, ఒక చెంచా చల్లటి నీళ్లలో గడ్డలు లేకుండా కలిపి ఆ రసంలో పోసి, చిక్కబడి మెరుపు వచ్చేదాకా తిప్పు. పొడి కార్న్‌ఫ్లోర్‌ని వేడి రసంలో నేరుగా వేశావంటే పైన ఉడికి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, అవి ఇక విడిపోవు. ఈ చిక్కటి రసాన్ని ముక్కలకు పట్టించి పాత్రలోకి మార్చు.

ఓవెన్ 200 డిగ్రీల సెల్సియస్‌కి ముందే వేడెక్కి ఉండాలి. ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) అయితే పై కడ్డీలు, కింది కడ్డీలు రెండూ వెలగాలి. ఫ్యాన్ తిరిగే కన్వెక్షన్ అయితే నేను చెప్పిన అంకెకి 20 డిగ్రీలు తగ్గించు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఇది కుదరదు, పైన రంగు రాదు. పాత్రను అంచులున్న ట్రేలో పెట్టు. రసం పొంగి ఓవెన్ అడుగున పడితే మాడి పొగ వస్తుంది, ఆ వాసన పిండికి కూడా పడుతుంది. పండ్లను 15 నిమిషాలు ఉంచితే అంచుల దగ్గర బుడగలు మొదలవుతాయి. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగు, గడియారం చూసి తీసేయకు.

పండ్లు కాగేలోపు పిండి సంగతి. మైదా 180 గ్రాములు, చక్కెర 40 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చిన్న చెంచా, వంట సోడా పావు చిన్న చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా బాగా కలుపు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ఉప్పులేని వెన్న 85 గ్రాములు చిన్న ముక్కలు కోసి, వేళ్ల కొసలతో పిండిలో నలుపు. అరచేయి తగలనివ్వకు, ఆ వేడికి వెన్న కరుగుతుంది. కొంత రవ్వలా అయి, కొంత బఠానీ గింజంత ముక్కలుగా మిగిలినప్పుడు ఆపెయ్. ఆ గింజలే ఓవెన్‌లో కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని లోపలి నుంచి లేపుతాయి. వెన్న పూర్తిగా పిండిలో కలిసిపోతే కాబ్లర్ బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతుంది. ఇక్కడిదాకా చేసి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టుకో.

చల్లటి పెరుగు 90 మిల్లీలీటర్లు, పాలు 45 మిల్లీలీటర్లు కలిపి చిలికి ఉంచుకో. సోడా పనిచేయాలంటే పులుపు కావాలి, అది పెరుగు ఇస్తుంది. పెరుగు లేక ఒట్టి పాలే పోస్తే సోడా మానేసి బేకింగ్ పౌడర్‌ని రెండు చిన్న చెంచాలు చెయ్యి. లేకపోతే సోడా వాసన నాలుకకు తగులుతుంది. ఇందులో గుడ్డు అవసరం లేదు.

ఈ పెరుగును పిండిలో ఎప్పుడు పోస్తావన్నది ముఖ్యం. పండ్ల పాత్ర ఓవెన్‌లోంచి బయటికి రావడానికి ఒక్క నిమిషం ముందు పొయ్యి. తడి తగిలిన క్షణం నుంచే గ్యాస్ పుట్టడం మొదలవుతుంది, ముందే కలిపి పక్కన పెడితే ఆ బలం గిన్నెలోనే పోతుంది. ఫోర్క్‌తో పది పదిహేను సార్లు కలిపితే చాలు. అక్కడక్కడా పొడి మైదా గీతలు కనిపించినా కంగారు పడకు. నున్నగా చేయాలని కలుపుతూ పోతే మైదా సాగుడు పట్టి, కాలాక నమలాల్సి వస్తుంది. చెంచాతో తీసి వంచితే పిండి జారిపోకూడదు, ఒక క్షణం అంటుకుని ఉండి ముద్దగా పడాలి. మరీ పొడిగా ఉంటే ఇంకో చెంచా పాలు పొయ్యి.

కాగిన పండ్ల మీద తొమ్మిది ముద్దలు వెయ్యి, మధ్యమధ్య వేలెడు సందు వదులు. మొత్తం కప్పేస్తే అందంగా ఉంటుందని చాలామంది కప్పేస్తారు. అప్పుడు ఆవిరికి దారి లేక పిండి అడుగుకే చేరి తడిపేస్తుంది, రసం పక్కల నుంచి పొంగుతుంది. ముద్దల్ని పండ్లలోకి నొక్కకు, పైన సమం చేయకు. ఎగుడుదిగుళ్లే కరకరలాడేది. పైన ఒక చెంచా చక్కెర చల్లి, 190 డిగ్రీలకు తగ్గించి 25 నుంచి 30 నిమిషాలు కాల్చు.

అయిందో లేదో చూడటానికి రంగును నమ్మకు. చక్కెర, పెరుగు ఉన్న పిండి తొందరగానే ఎర్రబడుతుంది. ముందు బుడగల్ని చూడు. మొదట్లో అవి పల్చగా, నురగలా, గబగబా పుట్టి పగులుతుంటాయి. ఉడుకు పూర్తయ్యేసరికి రసం చిక్కటి పాకంలా మారి, బుడగ నిదానంగా ఉబ్బి, ఒక్క క్షణం నిలిచి బుడుక్కుమని పగులుతుంది. అలాంటి బుడగలు అంచుల్లో వస్తే చాలదు, నడుమ సందుల్లోనూ రావాలి. పాత్ర మధ్యభాగం అన్నిటికన్నా ఆఖరున వేడెక్కుతుంది మరి. తర్వాత కత్తి మొనతో మధ్య ముద్దను ఒక పక్కకి లేపి కింద చూడు. రసం తగిలిన చోట పల్చటి తడి పొర ఉండటం మామూలే. దాని మీద పిండి తెల్లగా, గుల్లగా, చిన్న చిన్న రంధ్రాలతో బ్రెడ్డులా ఉండాలి. జిగురుగా సాగితే ఇంకో ఐదు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే ముద్ద నడుమ 95 డిగ్రీలు చూపాలి. పైన ముందే ఎర్రబడితే ఫాయిల్ వదులుగా కప్పు, గట్టిగా మూయకు.

తీశాక అరగంటైనా కదపకు. మరిగే వేడిలో ఏ రసమైనా పల్చగానే కనిపిస్తుంది, కార్న్‌ఫ్లోర్ పట్టు బిగిసేది చల్లారేటప్పుడు. నీళ్లుగా ఉందనుకుని మళ్లీ ఓవెన్‌లో పెట్టడం ఎక్కువమంది చేసే పొరపాటు. చల్లారేదాకా మూత పెట్టకు, ఆవిరి పడి పైభాగం మెత్తబడుతుంది. గాజు పాత్రైతే తడి గట్టు మీద దించకు, పగిలిపోతుంది. పొడిబట్ట మడిచి దాని మీద పెట్టు.

ఇక వేరే పండ్లతో చేస్తే ఏం మార్చాలో చెబుతాను. బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీ లాంటివి ఓవెన్‌లో పగిలాకే రసం వదులుతాయి కాబట్టి వాటిని వార్చే పని లేదు. 800 గ్రాములకు మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ని 120 గ్రాముల చక్కెరలో పొడిగానే కలిపి, నిమ్మరసంతో పాటు పండ్లకు పట్టించు. బ్లూబెర్రీతో అయితే సోడా లేని పాల పిండే మేలు. ఆ పండు రంగుకి సోడా ఎక్కువై తగిలితే పిండిలో నీలం, ఆకుపచ్చ మచ్చలు పడతాయి. తినడానికి ఇబ్బందేమీ లేదు గానీ చూస్తే పాడైందేమో అనిపిస్తుంది. ఆపిల్ దీనికి తలకిందులు. రసం తక్కువ, మెత్తబడటం ఆలస్యం. ఒక సెంటీమీటర్ మందాన కోసి, చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి, ఫాయిల్ మూసి 25 నుంచి 30 నిమిషాలు ముందుగా ఉడికించు. కత్తి దిగుతూ కొంచెం అడ్డు తగిలేలా ఉన్నప్పుడు పిండి వెయ్యి.

ఫ్రీజర్ పండ్లను గడ్డగా ఉండగానే వాడకు. జల్లెడలో పూర్తిగా కరగనిచ్చి, ఆ రసాన్ని పీచ్ రసంలాగే మరిగించి తగ్గించు. డబ్బా పండ్లు ముందే ఉడికి, పాకంలో ఊరి ఉంటాయి. పాకం వార్చేసి, చక్కెర రెండు చెంచాలకి మించకుండా వేసి, పది నిమిషాలు కాచితే చాలు.

జారుడు పిండితో చేసే ఇంకో రకం కూడా ఉంది. పాత్రలో 115 గ్రాముల వెన్న ఓవెన్‌లోనే కరగనిచ్చి, 125 గ్రాముల మైదా, 150 గ్రాముల చక్కెర, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కప్పు పాలు కలిపి ఆ వేడి వెన్న మీద పోసి, పైన 300 గ్రాముల పండ్లు పరిచి, 180 డిగ్రీల దగ్గర 45 నుంచి 55 నిమిషాలు కాలుస్తారు. పిండి పండ్లను దాటుకుని పైకి పొంగుతుంది. కలపాలని చెయ్యి లాగుతుంది, కలపకు. ఆ రకంలో అడుగును కాల్చేది కాగిన వెన్న, మన ముద్దల రకంలో కాగిన పండ్లు. జారుడు పిండి రకం తేలికే గానీ కేకులా మెత్తగా వస్తుంది. నాకైతే పైన కరకరలాడే ముద్దల రకమే నచ్చుతుంది.

అతిథులు వచ్చే రోజైతే పండ్లు ముందు రోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకో. పాత్ర గాజుదైతే పండ్లను గిన్నెలోకి తీసి స్టవ్ మీద బుడగలు వచ్చేదాకా వేడి చేసి, అప్పుడు పాత్రలో పొయ్యి. చల్లటి గాజును నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకూడదు. మిగిలిపోయిన కాబ్లర్ ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. 170 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు వేడి చేస్తే పైభాగం మళ్లీ గట్టిపడుతుంది, మైక్రోవేవ్‌లో మెత్తబడిపోతుంది.

ఈసారి ఫోటో పంపేటప్పుడు మధ్య ముద్దను తిరగేసి, అడుగు కనిపించేలా తియ్యి. పై రంగు చూసి నేను ఏమీ చెప్పలేను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ